బూజు కోసం ఏసీ

"గదిలో ఎంతమంది పడుకుంటారండి?" అని అడిగాడు గుంటూరులో ఏసీలు అమ్మే షోరూము మనిషి.

"ఎవరూ పడుకోరు. అందులో పుట్టగొడుగులు పెంచుతాం," అన్నాను.

అతను నన్ను వదిలేసి మా ఆయన వైపు చూశాడు. ఆడమనిషి చెప్పిన మాట నిజమో కాదో పక్కనున్న మగమనిషి మొహం చూసి తేల్చుకోవడం అమ్మేవాళ్ళకు అలవాటు. అలాంటి చూపు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజు మాత్రం ఊరుకున్నాను. మా ఆయన గొంతు సవరించుకుని, చొక్కా కాలరు సర్దుకుని, పెద్దమనిషి తరహాలో చెప్పాడు. "గది చల్లగా ఉండాలండి. పొడిగా ఉండాలి. చెమ్మ అన్నది కనపడకూడదు. లోపలి గాలి లోపలే ఉండాలి, బయటి గాలి బయటే ఉండాలి."

పుట్టగొడుగులకు చెమ్మ కావాలి. బయటి గాలీ కావాలి. ఆ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే శిక్షణకు వెళ్ళి పని నేర్చుకుని వచ్చినదాన్ని నేను. అయినా నోరు మెదపలేదు. ఎందుకు మెదపలేదో చెప్పాలంటే ముందు మా ఆయన సంగతి చెప్పాలి.

మా పెళ్ళి అయ్యేనాటికే ఆయన మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తున్నాడు. బస్తాలు మోసే పనిలో చేరి, చలి గదులన్నీ చూసుకునే మేస్త్రీ అయ్యాడు. మా వైపు కోల్డ్ స్టోరేజీ అంటే తెలియనివాళ్ళు లేరు. కల్లంలో ఎండిన కాయను గోనె సంచుల్లో తొక్కి కుట్టి, మంచి ధర వచ్చేదాకా ఆ చలిలో దాస్తారు. కాయకు చెమ్మ తగిలిందా, బూజు పడుతుంది. రంగు వెలిసి తాలు కాయ అవుతుంది. రైతు సంవత్సరం కష్టం ఎందుకూ కొరగాకుండా పోతుంది. అందుకని మా ఆయన ఉద్యోగం మొత్తం బూజుతో పోట్లాటే. సంచిలోంచి ఒక కాయ లాగి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, లోపల గింజలు గలగలమంటున్నాయో లేదో వినేవాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. ఎక్కడో అడుగున ఉన్న సంచిలో బూజు మొదలవుతోందని పై సంచులను బట్టే చెప్పేసేవాడు.

ఆ పిచ్చి ఇంటికి కూడా తెచ్చాడు. ఊరగాయ జాడీ మూత ఆయన ముందు తీయాలంటే నాకు హడలు. గరిటె తడిగా ఉందేమోనని చేతిలోంచి లాక్కుని పంచెతో తుడిచేవాడు. వానాకాలంలో గోడ మీద పచ్చగా మచ్చ కనపడితే అన్నం తినడం మానేసి సున్నం డబ్బా తెచ్చేవాడు. నేను ఎగతాళి చేసేదాన్ని. "నీకు పిశాచి పట్టినా భయపడవు కానీ బూజు పడితే మాత్రం వణికిపోతావు," అనేదాన్ని. ఆయనకు కోపం వచ్చేది కాదు. ఆ మాట మెచ్చుకోలుగానే తీసుకునేవాడు.

మరి అన్నేళ్ళు మిరప ఘాటు పీల్చిన గుండెలు ఊరుకుంటాయా? మొదట సీజనులో దగ్గేవాడు. తర్వాత సీజను అయిపోయినా దగ్గేవాడు. చివరికి నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసపడి గోడ పట్టుకునే స్థితికి వచ్చాడు. గుంటూరు డాక్టరు గారు ఎక్స్‌రే చూసి ఒకటే మాట చెప్పారు. "మిరపకాయలు కావాలో ఊపిరి కావాలో తేల్చుకోండి. రెండూ ఉండవు."

ఆయన పని మానేశాడు. నేను సంతోషించాను. కొద్దికాలానికే ఆ సంతోషం ఆవిరైపోయింది. మనిషి ఇంట్లో ఉన్నాడు కానీ ఏదో పోగొట్టుకున్నవాడిలా ఉన్నాడు. వరండాలో కుర్చీ వేసుకుని రోడ్డు మీద పోయే లారీలను చూసేవాడు. సంచులు ఎత్తిన తీరు చూసి, "తాడు సరిగ్గా బిగించలేదు వెధవలు," అని గొణుక్కునేవాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఎప్పుడూ నాతో ఏదో ఒకటి పోట్లాడే మనిషి నా మాటకు ఎదురు చెప్పడం మానేశాడు. నాకు భయం వేసింది అప్పుడే. మందులు ఊపిరిని చూసుకుంటాయి సరే, ఈ మనిషిని ఎవరు చూసుకోవాలి?

నేను పుట్టగొడుగుల శిక్షణకు వెళ్ళింది అందుకే. ఇంటి వెనక మాకు రెండు గదులున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మా మామగారి రోజుల్లో తీసిన పత్తిని వాటిలో కుప్ప పోసేవారు. ఇప్పుడు ఖాళీ. పని పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఉడకబెట్టిన వరిగడ్డిని ప్లాస్టిక్ సంచుల్లో కూరి, మధ్య మధ్య విత్తనం చల్లి, మూతి కట్టి చిన్న గదిలో చీకట్లో పెట్టాలి. సంచి నిండా తెల్లగా దారాల్లాంటిది అల్లుకుంటుంది. అప్పుడు దాన్ని పెద్ద గదికి మార్చి, గాట్లు పెట్టి, గాలి తగలనిచ్చి, నీళ్ళు చల్లుతూ ఉంటే గొడుగులు విచ్చుకుంటాయి. ప్రత్తిపాడు చుట్టుపక్కల కొనేవాళ్ళకు కొరత లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర నిలబడినా అమ్ముడుపోతాయని పాస్టరమ్మ గారు ధైర్యం చెప్పారు.

మా ఆయనకు చెప్పినప్పుడు ఆయన కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు.

"ఆ తెల్లగా అల్లుకునేది ఏంటే?"

"బూజే."

"బూజుని పెంచుతావా? మన ఇంట్లోనా?"

చాలా కాలానికి ఆయన గొంతు పెరిగింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. తిట్టనిచ్చాను. తిట్టి తిట్టి అలిసిపోయాక, చలికాలం పరవాలేదు కానీ ఎండాకాలంలో గది చల్లగా ఉంచడమే కష్టమని, ఏసీ పెట్టాలంటున్నారని నెమ్మదిగా అన్నాను. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"చల్లగా ఉంచడమా? అది నాకు వదిలెయ్. నీకేం తెలుసు చలి గురించి?" అన్నాడు.

అదీ సంగతి. షోరూములో ఆయన "చెమ్మ ఉండకూడదు" అంటుంటే నేను నోరు కట్టేసుకున్నది ఆ మాట కోసమే. తప్పు ఏసీ కొన్నా దాన్ని సరిచేసుకోవచ్చు. కుర్చీలోంచి లేచిన మనిషిని మళ్ళీ కూర్చోబెడితే మాత్రం ఇంకోసారి లేస్తాడన్న నమ్మకం నాకు లేదు. మళ్ళీ ఆ రోజు వచ్చినా అలాగే చేస్తాను.

షోరూము మనిషి రెండు రకాలు చూపించాడు. కిటికీలో బిగించేది ఒకటి, గోడకు తగిలించే స్ప్లిట్ ఒకటి. కిటికీ ఏసీకి పక్కన చిన్న మీట ఉంది. అది తిప్పితే బయటి గాలి కొంచెం లోపలికి వస్తుందట. నా మనసు దాని మీదికి పోయింది. మా ఆయన మాత్రం ఆ మీటను చూడగానే మొహం చిట్లించాడు.

"గోడకి అంత పెద్ద కన్నం పెట్టి, దానికి మళ్ళీ ఇంకో కన్నమా? చలి నిలబడుద్దా?" అన్నాడు.

స్ప్లిట్ తీసుకున్నాం. అందులో గాలిని ఆరబెట్టే మీట కూడా ఉందని చెప్పేసరికి ఆయన మొహం వెలిగిపోయింది. దారిలో బస్సు కిటికీ పక్కన కూర్చుని, పెట్టె సైజు ఎంతుంటుంది, ఏ గోడకు తగిలించాలి, గొట్టం ఎటు తీయాలి అని ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. నేను ఊ కొడుతూ ఆ గొంతు విన్నాను.

గది సిద్ధం చేయడం మొదలుపెట్టాడు. మాది నల్లరేగడి నేల. ఎండాకాలంలో నెర్రెలిచ్చి, వానాకాలంలో ఉబ్బి, ఏ గోడనూ కుదురుగా ఉండనివ్వదు. పెద్ద గది గోడల నిండా పగుళ్ళు. ఆయన స్టూలు మీద కూర్చుని, నా చేతికి దోమల చుట్ట వెలిగించి ఇచ్చి, గోడ వెంట నడవమనేవాడు. పొగ తనకు పడదు కాబట్టి మూతికి తువ్వాలు కట్టుకుని దూరం నుంచి చూసేవాడు. పొగ ఎక్కడ పక్కకు లాగితే అక్కడ చీలిక ఉన్నట్టు లెక్క. "ఆగు! అక్కడే! గీత గియ్యి!" అని అరిచేవాడు. కోల్డ్ స్టోరేజీలో కూడా అలాగే పట్టేవాడట. దొరికిన పగులునల్లా సిమెంటుతో పూడ్చాడు. తలుపు అంచులకు రబ్బరు అంటించాడు. పైన గాలి కోసం మా మామగారు వదిలిన రెండు కంతల్లో థర్మోకోలు ముక్కలు కోసి దిగ్గొట్టాడు. పని అయ్యాక తలుపు మూసి, చెవి ఆనించి, "చీమ కూడా దూరదు," అన్నాడు. నేను చప్పట్లు కొట్టాను. మనసులో మాత్రం, మా పుట్టగొడుగులు ఊపిరి ఎక్కడ తీసుకుంటాయిరా దేవుడా అనుకున్నాను.

ఎండ ముదిరాక ఏసీ వేశాం. బయట రేకులు కాలిపోతుంటే లోపల చల్లగా, హాయిగా ఉంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పుట్టగొడుగులు చూసే వంకతో వచ్చి, కొంగు విప్పుకుని కూర్చుని వెళ్ళేవాళ్ళు. మా ఆయన ఉదయం లేచి నేరుగా గదిలోకి వెళ్ళేవాడు. అరచేయి గోడకు ఆనించి చలి చూసేవాడు. నేను గడ్డి ఉడకబెట్టడం, సంచులు కట్టడం, అమ్మడం చూసుకుంటే ఆయన గదికి కాపలా. ఇద్దరికీ యుద్ధం కూడా మొదలైంది. గదిలో నేను నీళ్ళు చల్లితే ఆయన వెనకాలే గుడ్డ పట్టుకుని తుడిచేవాడు.

"ఓయ్ మనిషీ, తడి ఉండాలయ్యా!" అనేదాన్ని.

"కాసిని చల్లావుగా, చాలు. ఎక్కువైతే కుళ్ళుద్ది," అనేవాడు.

గొడుగుల అంచులు ఎండి పగిలిపోసాగాయి. నేను ఇంకా ఎక్కువ నీళ్ళు చల్లాను. అయినా మధ్యాహ్నానికి గది ఎండిపోయేది. ఒకరోజు వెనక వైపు బట్టలు ఆరేస్తుంటే ఏసీ గొట్టం కింద పెట్టిన బకెట్టు నిండి పొర్లిపోతోంది. ఒక్క క్షణం ఆగి చూశాను. ఆ నీళ్ళు ఎక్కడివి? నావే. నేను లోపల చెయ్యి నొప్పి పుట్టేలా చల్లిన నీళ్ళన్నీ ఆ ఏసీ మహాతల్లి బయటికి తెచ్చి బకెట్టులో పోస్తోంది. మా ఆయన తుడవడం చాలక, ఆయన చెల్లెల్ని కూడా తెచ్చి గోడకు తగిలించుకున్నట్టయింది నా పని. ఆ మాటే ఆయనకు చెప్పి నవ్వాను. ఆయన నవ్వలేదు. బకెట్టు వైపు చూసి, "మంచిగా లాగుతోంది," అన్నాడు.

తర్వాతి కాపు ఇంకా విచిత్రంగా వచ్చింది. కాడలు జానెడు పొడవు, వాటి మీద గొడుగు బొత్తామంత. గాలి అందని గదిలో అలాగే సాగుతాయని శిక్షణలో చెప్పారు. పాస్టరమ్మ గారు సంచి విప్పి చూసి, "ఇవేంటమ్మా, మునక్కాడలా?" అన్నారు. నవ్వేసి ఊరుకున్నాను. నష్టం నష్టమే, కానీ దాన్ని నేను మోయగలను. ఆయనకు ఆ గది ఉండాలి, అంతే.

నేను మోయలేనిది వేరే ఒకటి జరుగుతోంది. ఆయన దగ్గు తిరిగి వచ్చింది.

నాకు తెలియకుండా దాచాడు. గదిలో ఉన్నప్పుడు దగ్గు వస్తే బయటికి వచ్చి, పెరట్లో గేదెల పాక దాటి వెళ్ళి అక్కడ దగ్గి వచ్చేవాడు. కళ్ళు ఎర్రగా ఉంటే, "ఏసీ చలి పడలేదు, జలుబు," అనేవాడు. మిరపకాయ వాసన కూడా తగలని మనిషికి ఈ దగ్గు ఎక్కడిదని నేను బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

జవాబు ఏసీ జల్లెడలో దొరికింది. గాలి తగ్గిందని మూత తెరిచి, లోపలి రెండు జల్లెడల్లో ఒకటి తీసి కుళాయి కింద పెట్టాను. మామూలు ఇళ్ళలో అయితే నల్లటి దుమ్ము వస్తుంది. దీని మీంచి తెల్లగా, బియ్యప్పిండి కడిగినట్టు కారింది. ముదిరిన గొడుగుల కింద నుంచి రాలే పొడి అది. ఆ పొడి నుంచే పుట్టగొడుగు మళ్ళీ మొలుస్తుంది. గాలి బయటికి పోయే గదిలో అయితే ఎటో కొట్టుకుపోతుంది. మా చీమ దూరని గదిలో అది ఎక్కడికీ పోలేదు. ఏసీ ఆ గాలినే పీల్చి, ఆ గాలినే ఊది, రోజంతా తిప్పింది. జల్లెడలో ఇంత ఉంటే ఆయన గుండెల్లో ఎంత ఉండాలి? కుళాయి కట్టేసి జల్లెడ గట్టు మీద పడేశాను. 

 పాకలోంచి గడ్డపార తీసుకుని, నిచ్చెన వేసుకుని, ఆయన థర్మోకోలు దిగ్గొట్టిన కంతల్లో పొడిచాను. ముక్కలు ముక్కలుగా రాలింది. ఆ చప్పుడుకు ఆయన లోపల్నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటే ఆ పని! పిచ్చి పట్టిందా నీకు? దిగు కిందికి!"

దిగాను. రెండో జల్లెడ తీసుకొచ్చి ఆయన ముందే కుళాయి తిప్పాను. తెల్లటి నీళ్ళు ఆయన పాదాల దాకా పారాయి. ఆయన వంగి, వేలితో ముట్టుకుని, రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. జీవితమంతా బూజును వేళ్ళతో పట్టిన మనిషికి నేను వివరించి చెప్పనక్కర్లేదు.

"నువ్వు ఇక ఆ గదిలోకి పోవద్దు," అన్నాను.

ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే నాకు ఎంతో బాగుండేది.

"మిరపకాయలు వద్దన్నారు, మానేశా. ఇప్పుడు ఇదీ వద్దంటున్నావు. మరి నేను ఎక్కడ నిలబడాలే?" అన్నాడు.

నాకు ప్రతిదానికీ జవాబు ఉంటుంది. మా ఇంట్లో, మా వీధిలో, చర్చిలో అందరికీ ఆ సంగతి తెలుసు. ఆ ప్రశ్న విని మాత్రం గడ్డపార తీసుకెళ్ళి పాకలో పెట్టి వచ్చాను. ఆయన వెళ్ళి వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. నేను వంటింట్లోకి పోయి తలుపు చాటున ఏడ్చాను. బుద్ధిగా కూర్చుని ఏడవడం నాకు చేతకాదు కాబట్టి ఏడుస్తూనే గోంగూర ఒలిచాను.

మర్నాడు పొద్దున చిన్న గది తలుపు తీశాను. కట్టి పెట్టిన సంచులు చీకట్లో వరసగా ఉన్నాయి. పైన రేకుల వేడికి ముందు రోజు కట్టినవి కూడా అప్పటికే చేతికి వేడిగా తగిలాయి. కొన్నింటిలో తెల్ల బూజుకు బదులు పచ్చ బూజు పడుతోంది. పచ్చది పడిందంటే ఆ సంచి పోయినట్టే. పక్కవాటికి కూడా అంటుకుంటుంది. ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచి నా సంచులు సగానికి పైగా ఇక్కడే చచ్చిపోతున్నాయి. పెద్ద గదిలో గొడుగుల సంగతి చూడటంలో పడి దీన్ని పట్టించుకోలేదు.

గడప మీద నిలబడి ఆలోచించాను. ఈ సంచులకు ఏం కావాలి? చల్లగా ఉండాలి. మూసి ఉండాలి. చీకటిగా ఉండాలి. మూతి కట్టేసినవి కాబట్టి గాలి ఎండినా వాటికి చింత లేదు. బయటి గాలి అక్కర్లేదు. గొడుగు విచ్చుకోదు కాబట్టి పొడి రాలదు. పచ్చ బూజు ఎక్కడ మొదలవుతోందో అందరికంటే ముందు పట్టుకునే కన్ను ఒకటి కావాలి. అన్నీ కలిపి చూస్తే ఇది మా ఆయన కోల్డ్ స్టోరేజీయే. మేము ఏసీని తప్పుగా కొనలేదు, తప్పు గదిలో పెట్టాం.

అయినా నా తెలివి మీద నాకు ఎంత నమ్మకం ఉన్నా ఆయన ఊపిరితో పందెం కాయలేను. ముందు గుంటూరు బస్సెక్కి డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అంతా విని, గొడుగులు కాసే గదిలో మాత్రం అడుగు పెట్టవద్దన్నారు. సంచి విప్పకుండా, మూతికి మాస్కు పెట్టుకుని, మధ్య మధ్య బయటికి వచ్చి కూర్చుంటూ ఉంటే చిన్న గది పని చేసుకోవచ్చన్నారు. దగ్గు వస్తే మాత్రం వెంటనే మానెయ్యాలన్నారు. ఆ మాటలు దారి పొడుగునా నాలో నేనే వల్లె వేసుకుంటూ వచ్చాను.

మా ఆయనకు చెబితే నమ్మలేదు.

"నన్ను చూసి జాలి పడుతున్నావా?"

"జాలా? నీ మొహం. అక్కడ నా సంచులు సగం కాలిపోతున్నాయి. పచ్చ బూజు నాకు కనపడేసరికి వేలెడంత పాకుతోంది. నీకు చేతనైతే చెయ్యి, లేదంటే చెప్పు, ఇంకొకళ్ళని పెట్టుకుంటా."

ఇంకొకళ్ళు అనే మాట పనిచేసింది. ఆయన లేచి వచ్చి చిన్న గది గడప దగ్గర ఆగి, మాస్కు పెట్టుకుని లోపలికి వెళ్ళాడు. బ్యాటరీ లైటు వేసి ఒక్కో సంచినీ తిప్పి తిప్పి చూశాడు. నేను బాగానే ఉన్నాయనుకున్న వాటిలోంచి కొన్నింటిని పక్కకు నెట్టాడు. "ఇవి పోయినయ్," అన్నాడు. నాకు అక్కడ ఏమీ కనపడలేదు. పక్కన పెట్టి ఉంచాను. రెండు రోజుల్లో అవన్నీ పచ్చబడ్డాయి.

ఏసీ చిన్న గదికి మారింది. ఆయన కోరినట్టే రబ్బరు, సిమెంటు, థర్మోకోలు అన్నీ అక్కడికి వెళ్ళాయి. పెద్ద గదికి నేను నా ఇష్టప్రకారం చేసుకున్నాను. తూర్పు గోడకు కన్నం కొట్టించి తడి గడ్డి కూలరు పెట్టించి, ఎదురు గోడలో గాలిని బయటికి లాగే ఫ్యాను బిగించాను. గోనె పట్టాలు తడిపి వేలాడదీశాను. ఎండాకాలంలో, ఇప్పటిదాకా వేసిన చిప్ప పుట్టగొడుగుల జోలికి పోకుండా, వేడిని ఓర్చుకునే పాల పుట్టగొడుగులు వేశాను. నేల మీద నీళ్ళు నిలిచినా తుడిచేవాళ్ళు లేరు. గొడుగులు అరచేయంత విచ్చుకున్నాయి. పాస్టరమ్మ గారు ఈసారి ఎగతాళి చేయలేదు, రెండు సంచులు అడిగి తీసుకున్నారు.

ఇప్పుడు ఎవరో ఒకరు మా ఇంటికి వచ్చి, గదికి ఏ ఏసీ పెట్టాలని అడుగుతుంటారు. చిలకలూరిపేట నుంచి కూడా వచ్చారు. మీ గదిలో ఏం పెరుగుతుందో, అది ఊపిరి తీసుకుంటుందో లేదో ముందు చెప్పండి, ఏసీ సంగతి తర్వాత చూద్దాం అంటాను. ఏసీ గాలిని చల్లబరుస్తుంది, దాంట్లోని తడిని లాగేస్తుంది, ఆ గాలినే తిప్పుతుంది. ఈ మూడూ మీకు మేలు చేస్తాయో కీడు చేస్తాయో చూసుకోండి అంటాను. వాళ్ళకు టన్నుల లెక్క కావాలి. అది షోరూము వాళ్ళే చెబుతారు.

ఈ ఏడు మిరపకాయల సీజను మొదలైంది. రోడ్డు మీద లారీలు ఎర్రగా, నిండుగా పోతున్నాయి. నేను పెద్ద గదిలో కాపు కోసి గంపలో వేసుకుని బయటికి వస్తుంటే చిన్న గది ముందు మా ఆయన ఫోనులో మాట్లాడుతున్నాడు. మాస్కు గడ్డం కిందికి లాగి ఉంది. అవతల గొంతు నాకు తెలుసు. ఆయన పనిచేసిన కోల్డ్ స్టోరేజీ యజమాని. ఇలాంటి ఫోను ఎప్పుడో ఒకరోజు వస్తుందని నాకు లోలోపల భయం ఉండనే ఉంది. ఆయనకు ఆ పని మీద ఎంత ప్రాణమో నాకు తెలుసు. అక్కడికి వెళితే ఊపిరి నిలవదనీ తెలుసు. గంప రెండు చేతులతో పట్టుకుని కదలకుండా నిలబడ్డాను.

ఆ పెద్దాయన గొంతు పెద్దది, బయటికే వినపడుతోంది. కొత్త మేస్త్రీకి ఏమీ చేతకావడం లేదట. రెండు గదుల్లో బూజు కనపడిందట. సంచులు ముట్టుకోనక్కర్లేదట, గదుల్లోకి పోనక్కర్లేదట, ఆఫీసులో కుర్చీ వేస్తారట, కూర్చుని చెబితే చాలట. "నువ్వు లేకపోతే నడవడం లేదయ్యా," అన్నాడాయన.

ఆ మాట కోసం మా ఆయన ఒకప్పుడు ప్రాణం పెట్టేవాడు. నేను ఆయన మొహం వైపు చూడలేక కాళ్ళ వైపు చూశాను. ఆ కాళ్ళు కదలలేదు.

"ఎప్పుడైనా అనుమానం వస్తే కాయ పంపించండి, చూసి చెబుతా. రావడానికి మాత్రం కుదరదండి," అన్నాడు. అవతల ఏదో అడిగారు. "ఇక్కడ పనిలో ఉన్నానండి," అన్నాడు.

ఒంట్లో బాగోలేదని చెప్పవచ్చు. డాక్టరు వద్దన్నాడని చెప్పవచ్చు. రెండూ నిజమే. ఆయన చెప్పింది మాత్రం పనిలో ఉన్నానని. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే చేతుల నిండా గంప.

ఫోను జేబులో పెట్టుకుని ఇటు తిరిగి నన్ను చూశాడు. "నిలబడి చూస్తావేంటే? వెనక వరసలో ఒక సంచికి పచ్చ దిగుతోంది. అది పక్కవాటికి పాకకముందే బయటికి తీసుకుపో, పో," అని కసిరాడు.

మా ఊళ్ళో నన్ను కసిరి నోరు మూయించినవాడు ఇంతవరకు లేడు. గంప కింద పెట్టి, మారు మాట్లాడకుండా వెళ్ళి, ఆ సంచి తీసుకుపోయాను.